ముద్ద దిగని జబ్బుకు కోత లేని చికిత్స

ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చుంటారు. ఒకరు మాత్రం "మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాను" అంటారు. అందరూ లేచాక వంటింట్లో ఒంటరిగా కూర్చుని రెండు ముద్దలు తింటారు. ముద్ద రొమ్ము మధ్యలో ఆగిపోతుంది. చెంబెడు నీళ్ళు తాగుతారు. లేచి నిలబడి, వీపు వెనక్కి వంచి, అటూ ఇటూ నడిస్తే ఏదో జారినట్టు అనిపిస్తుంది. ఒక్కోసారి అదీ ఉండదు. తిన్న అన్నం, తాగిన నీళ్ళు ఎలా లోపలికి వెళ్ళాయో అలాగే బయటికి వచ్చేస్తాయి. పుల్లగా ఉండవు, చేదుగా ఉండవు. నమిలిన మెతుకులు మెతుకులుగానే కనిపిస్తాయి.

ఈ బాధ ఉన్నవారు పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేస్తారు. సంఘంలో ప్రేమ విందు జరుగుతుంటే ఏదో పని ఉందని చెప్పి ముందే వెళ్ళిపోతారు. ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే చిన్న రొట్టె ముక్కను మింగడానికి కూడా భయపడతారు. బరువు తగ్గుతుంటే ఇంట్లోవాళ్ళు ఉపవాసాలు ఎక్కువయ్యాయనో, దిగులు పెట్టుకున్నారనో అనుకుంటారు.

ఇది దిగులు కాదు, గ్యాస్ ట్రబుల్ కూడా కాదు. దీనికి ఎకలేషియా అని పేరుంది. చికిత్స కూడా ఉంది. గత పదిహేను, ఇరవై ఏళ్ళలో ఆ చికిత్స పొట్టమీద ఒక్క గాటు కూడా లేకుండా, నోటి ద్వారానే చేసేంతగా మెరుగుపడింది. ఆ వివరాలు ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

అసలు గుటక ఎలా దిగుతుంది?

గొంతు నుండి కడుపు వరకు ఉన్న గొట్టాన్ని అన్నవాహిక అంటారు. పెద్దవారిలో దీని పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. అన్నం తన బరువుతోనే దీనిలో జారిపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మనం గుటక వేయగానే అన్నవాహిక కండరాలు పైనుండి కిందికి అలలాగా ముడుచుకుంటూ ముద్దను తోస్తాయి. అందుకే పడుకుని మింగినా నీళ్ళు కడుపులోకే వెళతాయి.

అన్నవాహిక కడుపును కలిసే చోట గుండ్రంగా బిగుసుకుని ఉండే ఒక కండరం ఉంటుంది. దీన్ని కవాటం అనుకోండి. మామూలు సమయంలో ఇది మూసుకుని ఉండి కడుపులోని ఆమ్లం పైకి రాకుండా ఆపుతుంది. గుటక వేసినప్పుడు కొన్ని సెకన్లపాటు వదులై, ముద్దను లోపలికి పంపి, మళ్ళీ మూసుకుంటుంది. తలుపు తీయమని కండరానికి చెప్పేవి అన్నవాహిక గోడలోనే ఉండే సన్నని నరాల కణాలు.

ఎకలేషియాలో ఈ నరాల కణాలు క్రమంగా నశిస్తాయి. తలుపు తీయమనే కబురు అందదు కాబట్టి కవాటం బిగుసుకునే ఉంటుంది. పైన తోసే అల కూడా సరిగా రాదు. తిన్నదంతా అన్నవాహికలోనే నిలిచిపోతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ గొట్టం సాగి సంచిలా తయారవుతుంది.

ఈ కణాలు ఎందుకు నశిస్తాయో పూర్తిగా తేలలేదు. శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున వాటిమీదే దాడి చేస్తుందని వైద్యులు భావిస్తున్నారు. ఇది అంటువ్యాధి కాదు. కారం ఎక్కువ తినడం వల్ల రాదు. స్త్రీలకు, పురుషులకు సమానంగా వస్తుంది. ఏటా లక్షమందిలో దాదాపు ఒకరికి కొత్తగా కనిపించే అరుదైన జబ్బు ఇది. అరుదైనది కావడం వల్లనే చాలామంది విషయంలో గుర్తించేసరికి ఏళ్ళు గడిచిపోతాయి.

ఎందుకు పొరబడతాం?

రొమ్ములో నొప్పి, మంట ఉంటాయి కాబట్టి ముందుగా గ్యాస్ మాత్రలు మొదలవుతాయి. నిలిచిపోయిన అన్నం రాత్రి పడుకున్నప్పుడు పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. పొలమారి, దగ్గుతో ఉలిక్కిపడి లేస్తారు. తెల్లారి చూస్తే దిండు తడిసి ఉంటుంది. ఈ దగ్గును చూసి ఉబ్బసమనీ, బరువు తగ్గడం చూసి క్షయ అనీ అనుమానిస్తారు. పెళ్ళి కావలసిన పిల్ల అయితే కావాలనే తినడం లేదని నింద వేస్తారు.

మన ఊళ్ళలో ఇంకో ప్రమాదం ఉంది. తిన్నది కక్కుకుంటున్నారంటే ఎవరో "మందు పెట్టారు" అని నమ్మి, పసరు తాగించి కక్కించేవారి దగ్గరకు తీసుకువెళ్ళడం. ఇప్పటికే నిండి ఉన్న అన్నవాహికతో బలవంతంగా వాంతి చేయిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. దయచేసి అలా చేయకండి, చేయనివ్వకండి.

ఈ గుర్తులు ఉంటే అనుమానించండి

అన్నమే కాదు, నీళ్ళు కూడా మొదటినుండీ ఆగుతుండడం ఈ జబ్బుకు ముఖ్యమైన గుర్తు. అన్నవాహికలో పుండు మానిన మచ్చ వల్లగాని, క్యాన్సర్ గడ్డ వల్లగాని దారి ఇరుకైతే మొదట మాంసం, చపాతీ వంటి గట్టి పదార్థాలు ఆగుతాయి, చాలా రోజుల తర్వాతే నీళ్ళు ఆగుతాయి. ఎకలేషియాలో రెండూ దాదాపు ఒకేసారి మొదలవుతాయి.

వైద్యులు ఈ జబ్బు తీవ్రతను కొలవడానికి నాలుగు ప్రశ్నలు అడుగుతారు. ముద్ద ఆగుతుందా? తిన్నది పైకి వస్తుందా? రొమ్ములో నొప్పి ఉందా? ఈ మూడింటికీ లేదు అంటే 0, అప్పుడప్పుడు అంటే 1, రోజూ అంటే 2, ప్రతి భోజనానికీ అంటే 3. నాలుగోది బరువు. తగ్గకపోతే 0, 5 కిలోలలోపు తగ్గితే 1, 5 నుండి 10 కిలోలు తగ్గితే 2, అంతకు మించితే 3. మొత్తం 12 మార్కులు. దీన్ని ఎకార్ట్ స్కోరు అంటారు. చికిత్స తర్వాత ఈ సంఖ్య 3 లేదా అంతకన్నా తక్కువగా ఉంటే చికిత్స ఫలించినట్టు లెక్క. ఒక కాగితంమీద మీ మార్కులు వేసుకుని డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళండి. "గ్యాస్ అండీ" అనే ఒక్క మాట కన్నా ఆ కాగితం ఎక్కువ చెబుతుంది.

ఒక హెచ్చరిక. వయసు మళ్ళినవారిలో మింగడం కష్టం కావడం కొద్ది వారాల్లోనే పెరిగిపోయి, బరువు వేగంగా తగ్గుతుంటే అది క్యాన్సర్ కావచ్చు. క్షణం ఆలస్యం చేయకుండా ఎండోస్కోపీ చేయించాలి.

పిల్లల విషయంలో ఒక మాట. చిన్నపిల్లలకు ఈ జబ్బు చాలా అరుదు. కానీ ఏడ్చినా కన్నీళ్ళు రాని పిల్లలకు మింగడం కూడా కష్టమవుతుంటే తప్పక పిల్లల డాక్టరుకు చెప్పండి. ఆల్‌గ్రోవ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బులో ఈ రెంటితోపాటు మూత్రపిండాలపైన ఉండే అడ్రినల్ గ్రంథులు కూడా సరిగా పనిచేయవు. మేనరికపు పెళ్ళిళ్ళు జరిగే కుటుంబాల్లో ఇటువంటి జబ్బులకు అవకాశం ఎక్కువ.

ఏ పరీక్షలు చేస్తారు?

మొదటిది ఎండోస్కోపీ. గడ్డలు, పుండ్లు లేవని దీనితో నిర్ధారించుకుంటారు. అయితే జబ్బు తొలిదశలో ఎండోస్కోపీలో అంతా బాగానే కనిపించవచ్చు. "ఎండోస్కోపీ నార్మల్, నీకేమీ లేదు" అన్నంతమాత్రాన ఆగిపోకూడదు.

రెండోది బేరియం ఎక్స్‌రే. సున్నపు తేటలాంటి తెల్లని ద్రవం తాగించి ఎక్స్‌రేలు తీస్తారు. ఎకలేషియా ఉంటే పైన వెడల్పుగా, కింద పిట్ట ముక్కులా సన్నగా కనిపిస్తుంది. 1, 2, 5 నిమిషాలకు వరసగా ఎక్స్‌రేలు తీసి ఎంత ద్రవం నిలిచిపోయిందో కొలుస్తారు.

మూడోది మానోమెట్రీ. ముక్కు ద్వారా సన్నని గొట్టం దించి, నీటిని గుటకలు గుటకలుగా తాగిస్తూ కండరాల ఒత్తిడిని కొలుస్తారు. కొంత ఇబ్బందిగా ఉంటుంది గాని నొప్పి ఉండదు. జబ్బును ఖాయం చేసేది ఇదే. ఎకలేషియాలోని మూడు రకాల్లో మీది ఏదో కూడా దీనితోనే తెలుస్తుంది. చికిత్సను ఎంచుకోవడానికి ఆ వివరం చాలా అవసరం.

తిమింగలం ఎముక నుండి ఎండోస్కోపీ దాకా

ఈ జబ్బును గురించి మొదట రాసినవాడు 17వ శతాబ్దపు ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్. 1674లో ప్రచురించిన గ్రంథంలో ఆయన ఒక రోగి సంగతి వివరించాడు. తిమింగలం ఎముకతో సన్నని బద్ద చేసి, చివర స్పాంజి ముక్క కట్టి ఇచ్చాడు. ఆ రోగి తిన్న ప్రతిసారీ ఆ బద్దతో అన్నాన్ని కడుపులోకి నెట్టుకునేవాడు. అలా పదిహేనేళ్ళు బతికాడట.

తర్వాత బెలూన్ వచ్చింది. కవాటం దగ్గర గట్టి బెలూన్ పెట్టి ఊదితే బిగుసుకున్న కండరం చిట్లి వదులవుతుంది. ఇది ఇప్పటికీ మంచి చికిత్సే. అయితే చాలామందికి కొన్నేళ్ళకు మళ్ళీ చేయవలసి వస్తుంది. కొద్దిమందికి అన్నవాహిక చిరిగే ప్రమాదం ఉంది. బొటాక్స్ ఇంజెక్షన్ కూడా ఉంది గాని దాని ఫలితం సాధారణంగా ఏడాది లోపే తగ్గిపోతుంది. అందుకే ఆపరేషన్ తట్టుకోలేని వృద్ధులకే దాన్ని వాడతారు.

1913లో జర్మనీ సర్జన్ ఎర్నెస్ట్ హెల్లర్ ఆపరేషన్ చేసి ఆ కండరాన్ని కోశాడు. ఆయన పేరుతోనే హెల్లర్ ఆపరేషన్ నిలిచింది. 1991 నుండి దీన్ని లాప్రోస్కోపీతో, పొట్టమీద చిన్న చిన్న రంధ్రాలతో చేస్తున్నారు. కండరం కోశాక ఆమ్లం పైకి రాకుండా కడుపు పైభాగాన్ని కొంత మడిచి కుడతారు కూడా.

2007లో అమెరికాలో పంకజ్ జయ్ పశ్రీచా అనే వైద్యుడి బృందం, ఎండోస్కోపీతో లోపలినుండే ఈ కండరాన్ని కోయవచ్చని పందులపై ప్రయోగాలు చేసి చూపింది. 2008లో జపాన్‌లోని యొకొహామాలో డాక్టర్ హారుహిరో ఇనౌయే దీన్ని మొదటిసారి ఒక రోగికి చేశారు. 2010లో తొలి 17 మంది రోగుల ఫలితాలను ప్రచురించారు. దీనికే పోయెమ్ అని పేరు. నోటి ద్వారా ఎండోస్కోపీతో కండరం కోయడం అన్నమాట.

పోయెమ్ ఎలా చేస్తారు?

అన్నవాహికలో పాత అన్నం నిలిచి ఉంటుంది కాబట్టి ఒకటి రెండు రోజుల ముందునుండే ద్రవాహారం మీద ఉంచుతారు. చికిత్స రోజున పూర్తి మత్తు ఇస్తారు. రోగికి ఏమీ తెలియదు.

అన్నవాహిక గోడలో పొరలుంటాయి. లోపలి మెత్తని పొర ఒకటి, దాని వెనుక కండరం. పరుపుకూ గలేబుకూ మధ్య చేయి దూర్చినట్టు, ఈ రెండు పొరల మధ్య దారి చేసుకోవడమే ఇందులోని కిటుకు. కవాటానికి 10 నుండి 15 సెంటీమీటర్ల పైన లోపలి పొర కింద రంగు కలిపిన సెలైన్ ఎక్కిస్తారు. పొర పొక్కులా ఉబ్బుతుంది. అక్కడ సుమారు 2 సెంటీమీటర్ల గాటు పెట్టి ఎండోస్కోపును పొర వెనక్కి పంపి, సొరంగంలా దారి చేసుకుంటూ కవాటం దాటి కడుపు పైభాగం వరకు వెళతారు. తర్వాత బిగుసుకున్న గుండ్రని కండరాన్ని నిలువుగా కోస్తారు. కడుపు వైపు కూడా రెండు మూడు సెంటీమీటర్లు కోస్తారు. సంచి మూతికి బిగించిన నాడా తెంపినట్టు మూతి వదులవుతుంది. చివరికి పైన పెట్టిన గాటును చిన్న క్లిప్పులతో మూసేస్తారు.

సొరంగం ఒకచోట మొదలై, కోత ఇంకా కిందెక్కడో ఉంటుంది కాబట్టి లోపలి పొర కండరంపై కప్పులా నిలిచి, అన్నవాహికలోని పదార్థాలు బయటికి కారకుండా కాపాడుతుంది. ఈ చికిత్సకు సాధారణంగా గంట నుండి రెండు గంటలు పడుతుంది. బయట గాయం ఉండదు, కుట్లు ఉండవు. మర్నాడు ద్రవం తాగించి ఎక్స్‌రే తీసి, కారడం లేదని చూసి, నీళ్ళు, కొబ్బరినీళ్ళు, పలుచని జావ ఇస్తారు. చాలామంది రెండు మూడు రోజుల్లో ఇంటికి వెళతారు.

ఫలితాలు ఎలా ఉన్నాయి?

ఈ చికిత్స కోసం మన తెలుగువారు జపాన్ వెళ్ళనక్కరలేదు. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ దేశంలో దీన్ని ముందుగా చేపట్టిన ఆసుపత్రుల్లో ఒకటి. అక్కడి వైద్యులు 408 మంది రోగుల అనుభవాన్ని 2017లో ప్రచురించారు. అందులో 396 మందికి చికిత్స విజయవంతంగా పూర్తయింది. దేశంలోని ఇతర పెద్ద ఆసుపత్రుల్లో కూడా ఇప్పుడిది అందుబాటులో ఉంది.

2019లో రెండు పెద్ద పరిశోధనలు వచ్చాయి. ఒకదానిలో 133 మందిలో కొందరికి పోయెమ్, కొందరికి బెలూన్ చికిత్స చేశారు. రెండేళ్ళ తర్వాత చూస్తే పోయెమ్ చేయించుకున్నవారిలో 92 శాతం మందికి, బెలూన్ వారిలో 54 శాతం మందికి ఉపశమనం నిలిచింది. రెండోదానిలో 221 మందిలో పోయెమ్‌ను లాప్రోస్కోపీ హెల్లర్ ఆపరేషన్‌తో పోల్చారు. రెండేళ్ళకు రెండూ దాదాపు సమానంగా నిలిచాయి. పోయెమ్‌కు 83 శాతం, ఆపరేషన్‌కు సుమారు 82 శాతం. తీవ్రమైన ఇబ్బందులు పోయెమ్‌లో తక్కువ.

చెప్పకుండా దాచకూడని సంగతి

తలుపు తెరిస్తే అటునుండి కూడా రావచ్చు. పోయెమ్‌లో కవాటాన్ని వదులు చేస్తారే గాని, హెల్లర్ ఆపరేషన్‌లో లాగా కడుపును మడిచి అడ్డుకట్ట కట్టరు. కాబట్టి కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి రావడం ఎక్కువ. పైన చెప్పిన రెండో పరిశోధనలో రెండేళ్ళకు ఎండోస్కోపీ చేస్తే, ఆమ్లం వల్ల అన్నవాహిక ఒరిసిపోయిన గుర్తులు పోయెమ్ వారిలో 44 శాతం మందికి, ఆపరేషన్ వారిలో 29 శాతం మందికి కనిపించాయి. చాలామందికి ఇది మాత్రలతో అదుపులో ఉంటుంది. కానీ మంట లేకపోయినా లోపల పుండు ఉండవచ్చు. అందుచేత "నాకు బాగానే ఉంది" అని మాత్రలు సొంతంగా మానకూడదు, పరీక్షలు ఎగ్గొట్టకూడదు.

రక్తస్రావం, పొర చిల్లుపడడం, చర్మం కింద గాలి చేరడం వంటి ఇబ్బందులు కొందరికి రావచ్చు. అనుభవమున్న చేతుల్లో ఇవి చాలావరకు అక్కడికక్కడే సర్దుకుంటాయి. కాబట్టి "మీరు ఇప్పటికి ఎంతమందికి చేశారు?" అని డాక్టరును అడగడానికి మొహమాటపడకండి.

ఇంకొక నిజం. చచ్చిపోయిన నరాల కణాలు ఏ చికిత్సతోనూ తిరిగి రావు. పోయెమ్ తలుపు తెరుస్తుంది గాని, పైనుండి తోసే అలను తిరిగి ఇవ్వదు. నిదానంగా, నీళ్ళ సాయంతో తినే అలవాటు జీవితాంతం ఉండాలి.

తరచుగా అడిగే ప్రశ్నలు

బెలూన్, ఆపరేషన్, పోయెమ్‌లలో నాకేది మంచిది?
అందరికీ ఒకటే జవాబు లేదు. కండరం బలంగా పట్టేసే మూడో రకం ఎకలేషియాలో కోత పొడవుగా ఉండాలి కాబట్టి పోయెమ్ మేలని వైద్యులు చెబుతారు. మొదటి రెండు రకాల్లో మూడు చికిత్సలూ పనిచేస్తాయి. ఇప్పటికే ఆమ్లం సమస్య ఎక్కువగా ఉన్నవారికి ఆపరేషన్ నయం కావచ్చు. మానోమెట్రీ రిపోర్టు చూపించి అడగండి.

ముందు బెలూన్ గాని, ఆపరేషన్ గాని అయింది. మళ్ళీ పోయెమ్ చేయవచ్చా?
చేయవచ్చు. పాత కోత ఉన్న వైపు వదిలి ఇంకో వైపు నుండి చేస్తారు.

ఇంటికి వచ్చాక ఏం తినాలి?
మొదట కొద్దిరోజులు జావ, మజ్జిగ, చారు. తర్వాత మెత్తగా కలిపిన పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ. డాక్టరు చెప్పాకే మామూలు భోజనం. మాంసం చిన్న ముక్కలుగా చేసి బాగా నమలాలి. ఆవకాయ, వేపుళ్ళు, కాఫీ మంట పుట్టిస్తే తగ్గించాలి. రాత్రి భోజనం పడుకోవడానికి మూడు గంటల ముందే ముగించాలి. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి కాస్త ఎత్తు చేసుకోవాలి.

ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి రావాలి?
జ్వరం, రొమ్ములో తీవ్రమైన నొప్పి, ఆయాసం, మెడ దగ్గర ఉబ్బు, రక్తపు వాంతి, నల్లని విరేచనం. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగవద్దు.

తర్వాత ఎంతకాలం చూపించుకోవాలి?
జీవితాంతం. చాలా ఏళ్ళు ఎకలేషియా ఉన్నవారికి అన్నవాహిక క్యాన్సర్ వచ్చే అవకాశం ఇతరులకన్నా కొంత ఎక్కువ. అందుకే డాక్టరు చెప్పిన వ్యవధిలో ఎండోస్కోపీ చేయించుకోవాలి.

చివరగా కుటుంబాలకు ఒక మాట

ఈ జబ్బులో రోగికి ఆకలి ఉంటుంది. అన్నం ఎదురుగా ఉంటుంది. ముద్ద మాత్రం దిగదు. ఆ బాధ పక్కవారికి కనిపించదు కాబట్టే ఏళ్ళ తరబడి గ్యాస్ మాత్రలతో కాలం వెళ్ళిపోతుంది. మీ ఇంట్లో ఎవరైనా అందరితో కూర్చుని తినడం మానేస్తే, ప్రతి ముద్దకూ నీళ్ళు తాగుతుంటే, రాత్రిళ్ళు పొలమారి లేస్తుంటే, "ఎందుకు తినవు?" అని కసరకండి. "నీళ్ళు కూడా ఆగుతున్నాయా?" అని అడగండి. అవునంటే, పాత రిపోర్టులన్నీ ఒక సంచిలో పెట్టుకుని డాక్టరుగారి దగ్గరకు తీసుకురండి. "ఎకలేషియా ఏమో చూడండి, బేరియం ఎక్స్‌రే, మానోమెట్రీ అవసరమా?" అని అడగండి. ఆ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి ఉత్తరం రాయించుకోండి. ఖర్చు ఎంతవుతుందో, మీ ఆరోగ్య కార్డు గాని, బీమా గాని వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి.

అందరితోపాటు కూర్చుని, తొందర లేకుండా, భయం లేకుండా ఒక పూట అన్నం తినడం మనకు పెద్ద సంగతిగా అనిపించదు. ఆ భాగ్యం కోసం ఏళ్ళుగా ఎదురుచూస్తున్నవారు మన మధ్యనే ఉండవచ్చు. ఈ వ్యాసం చదివి అలాంటివారు మీకు ఎవరైనా గుర్తుకొస్తే, ఈ పత్రికను వారికి అందించండి.